అల్పవ్యయ హాస్యచిత్రమున యాస

తెలుగు చలనచిత్రములను గూర్చి మన విశ్వవిద్యాలయములలో ఇంతవరకు జరిగిన పరిశీలనలో అధికభాగము పౌరాణికములను, సాంఘికములలో ప్రఖ్యాతి గాంచినవానిని ఆశ్రయించి యున్నది. ఇది అసహజము కాదు. పౌరాణిక చిత్రమునకు వెనుక పద్యనాటకము కలదు, ఆ నాటకమునకు వెనుక పురాణము కలదు. సాహిత్యమునకు అలవాటుపడిన పరిశోధకునకు ఆ మెట్లు దిగుట సులభము. కాని తక్కువ పెట్టుబడితో, తక్కువ దినములలో, నాలుగు పాటలను కొంత హాస్యమును ఆధారము చేసికొని పుట్టిన చిత్రముల వెంట పోవుటకు మనవారు సంకోచింతురు. అవి చౌకబారు సరకనియు, అందు విచారింపదగిన దేమియు లేదనియు ఒక అభిప్రాయము కుదిరిపోయినది. ఆ అభిప్రాయమును ఈ వ్యాసమున కొంత కదలింపదలచినాను.

నేను చెప్పదలచిన దానిని ముందుగనే చెప్పుట మేలు. ధనము లేని చిత్రమునకు రాజప్రాసాదములు లేవు, జనసమూహములు లేవు, కెమెరా విన్యాసములు లేవు. దానికి మిగిలిన మూలధనము రెండే: ఒకటి పాట, రెండవది మాట. ఆ మాటయు వ్యాకరణశుద్ధమైన మాట కాదు. ఒక ప్రాంతమున ఒక కులవృత్తి నవలంబించి బ్రతుకు జనుల నోట పండిన మాట. అట్టి చిత్రమున యాస అలంకారము కాదు, రంగస్థలమే అది. కనుక ఆ చిత్రమును తూచునప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఎంత నవ్వించినది?" అని కాదు. ఆ యాస మాటలాడువాడు నవ్వుచున్నాడా, నవ్వబడుచున్నాడా అన్నదే ఆ ప్రశ్న. మన హైదరాబాదు పరిసరములకు ఈ ప్రశ్న చాల దగ్గరి చుట్టము.

విషయము స్పష్టమగుటకు కొంచెము దూరమునుండి రావలెను. బ్రిటిషు పార్లమెంటు 1927లో చేసిన చలనచిత్ర శాసనము 1928 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అమెరికా చిత్రముల వెల్లువను అడ్డగించుటకై, పంపిణీదారులు తాము వ్యాపింపజేయు చిత్రములలో నూటికి ఏడున్నర వంతును, ప్రదర్శకులు ఐదు వంతును బ్రిటిషు చిత్రములకు కేటాయింపవలెనని ఆ శాసనము విధించినది. ఈ భాగము క్రమముగా ఇరువది వంతుకు పెరుగునట్లు ఏర్పాటు. అమెరికా సంస్థలు లెక్క చెల్లించుటకై, అడుగు ఫిలిమునకు ఒక పౌను చొప్పున ఇచ్చి హడావుడిగా చిత్రములు తీయించుకొనసాగినవి. వీనికి "కోటా క్విక్కీ"లని ఎగతాళి పేరు వచ్చినది. ఆ శాసనము దృష్టిలో సామ్రాజ్యమున ఎచ్చట తీసిన చిత్రమైనను బ్రిటిషు చిత్రమే! 1938 శాసనము ఈ సౌకర్యమును తొలగించి, కనీస వ్యయ నియమమును చేర్చినది. ఇంగ్లండులో ఈ కోటా ఏర్పడుచున్న దినములలోనే భారత ప్రభుత్వము దివాన్ బహదూర్ టి. రంగాచారి అధ్యక్షతన ఒక విచారణ సంఘమును నియమించినది. 1928లో వెలువడిన దాని నివేదిక సామ్రాజ్య చిత్రములకు ఇచ్చట ప్రత్యేక ప్రాధాన్య మీయనవసరము లేదని నిర్మొహమాటముగా చెప్పినది. మనదేశమున చౌక చిత్రము శాసనమువలన పుట్టలేదు, మార్కెట్టు అవసరమున పుట్టినది. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

అట్టి వాతావరణమున 1934లో "బూట్స్! బూట్స్!" అను చిత్రము వచ్చినది. నిర్మాత జాన్ ఇ. బ్లేక్లీ, దర్శకుడు బర్ట్ ట్రేసీ. లండనులోని ఆల్బనీ వీధిలో మోటారు బండ్ల శాలపైనున్న ఒకే ఒక గదిలో, రెండు వారములలో, మూడువేల పౌనులతో దానిని ముగించిరి. నాయకుడు జార్జి ఫార్మ్‌బీకి చేతికిచ్చినది నూరు పౌనులు, లాభమున పదియవ వంతు వాగ్దానము. ఫార్మ్‌బీ లాంకషైరులోని విగన్ పట్టణమున 1904లో పుట్టినవాడు. అతని తండ్రి మ్యూజిక్ హాలు వేదికలపై సృష్టించిన "జాన్ విల్లీ" అను అమాయకపాత్రనే కుమారుడు వారసత్వముగా గ్రహించి తెరపైకి తెచ్చినాడు. చిత్రమున జాన్ విల్లీ ఒక హోటలులో అతిథుల బూట్లు మెరుగుపెట్టు సేవకుడు. అంట్లు తోము పిల్లగా ఫార్మ్‌బీ భార్య బెరిల్ నటించినది. కథ యని చెప్పదగినది చాల తక్కువ. వరుసగా వచ్చు హాస్యఘట్టములకు, పాటలకు హోటలు ఒక నెపము మాత్రమే. చివరకు బూట్లు తుడుచువాడును అంట్లు తోముపిల్లయు అతిథుల యెదుట వేదిక నెక్కి ఆడి పాడుదురు.

ఈ చిత్రమున వెలుగు చాలదు, ధ్వని స్పష్టముగా లేదు. కెమెరా రంగస్థలము ముందు టిక్కెట్టు కొనుక్కొని కూర్చున్న ప్రేక్షకునివలె కదలక యుండును. ఇవన్నియు దోషములే. ఐనను కెమెరా కదలకపోవుటచే ఒక లాభము కలిగినది. ఫార్మ్‌బీ చేత చిన్న బాంజోవంటి వాద్యమును పట్టుకొని పాడునప్పుడు అతనికిని ప్రేక్షకునికిని నడుమ మరెవ్వరును లేరు. అతడు తోడిపాత్రలకై పాడడు, మనకై పాడును. మన వీథినాటకమున పాత్ర తెర తొలగగనే సభవైపు తిరిగి తన్ను తాను పరిచయము చేసికొనునట్లు, ఇతడును పాటలో తన కథ తానే చెప్పుకొనును. ఆ పాటలలోని శ్లేష కొంటెది, కొన్నియెడల హద్దు మీరునది. కాని లాంకషైరు ఉచ్చారణలో, నోరంతయు తెరచిన నవ్వుతో పలుకుటచే అందలి మొరటుదనము అమాయకత్వముగా మారిపోవును. అదే మాట లండను పెద్దమనిషి పలికిన యెడల కూర్చుండుట కష్టము.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. లండను నాటకశాలలలో ఉత్తరదేశపు యాస అంతకుముందు పనివాని యాస, మోటువాని యాస. "బూట్స్! బూట్స్!"లో ఆ యాస నాయకునికి వచ్చినది. హోటలుకు వచ్చిన గొప్పవారు శుద్ధమైన ఇంగ్లీషు మాటలాడుదురు. వారి మాట మనకు జ్ఞాపకముండదు. జాన్ విల్లీ తెలివిలేనివాడుగా కనబడును. కాని నవ్వును పంచిపెట్టువాడు అతడే. ప్రేక్షకుడు అతనిని చూచి నవ్వుటతో మొదలిడి, అతనితో కూడి నవ్వుటతో ముగించును. ఈ మార్పును సాధించునది పాటయే యని నా అభిప్రాయము. సంభాషణలో ఇతరులు అతనిని కసరగలరు, తరుమగలరు. పాటలో అతనిని ఆపువారు లేరు.

అదే సంవత్సరమున జాన్ బాక్స్‌టర్ ట్వికెన్‌హామ్ స్టూడియోలో తీసిన "సే ఇట్ విత్ ఫ్లవర్స్" మరియొక మార్గమును చూపినది. లండను అంగడివీధిలో పూలమ్ముకొను వృద్ధురాలు జబ్బుపడగా, ఆమెను సముద్రతీరమునకు పంపుటకై తోడి చిల్లరవర్తకులు ఒక కచేరీ ఏర్పాటు చేయుదురు. ఆ కచేరీలో పాడినవారు వేషధారులు కారు. ఫ్లోరీ ఫోర్డ్, మేరీ కెండల్, చార్లెస్ కోబర్న్ మొదలగు మ్యూజిక్ హాలు వృద్ధగాయకులే తమ పేర్లతో తామే వచ్చి పాడిరి. కాలము చెల్లుచున్న ఒక కళను చౌక చిత్రము ఈ విధముగా తనలో దాచుకొన్నది. గొప్ప పెట్టుబడి చిత్రమునకు ఆ అవసరము తోచియుండదు. అది కొత్తతారను వెదకుకొనును.

ఇక మనవైపునకు వత్తము. తెలుగు చలనచిత్రమునకు లండనుతో తొలిసంబంధము రఘుపతి వెంకయ్యనాయుని కుమారుడు ఆర్. ఎస్. ప్రకాశ్ ద్వారా కలిగినది. అతడు ఇంగ్లండుకు పోయి ఈలింగులోని బార్కర్ సంస్థలో చిత్రనిర్మాణమును నేర్చివచ్చి, 1921లో మదరాసున "భీష్మప్రతిజ్ఞ" మూకీని తీసినాడు. ఇదే ఈలింగున 1930 దశకమున కొత్త స్టూడియో వెలసి, ఫార్మ్‌బీ తరువాతి చిత్రములు అచ్చటనే తయారైనవి. కేవలము కాకతాళీయమే; దీనిపై సిద్ధాంతమును కట్టరాదు. కాని ఈలింగులో చదువుకొన్న ప్రకాశే 1940లో "బారిష్టరు పార్వతీశం" చిత్రమునకు దర్శకుడగుట మాత్రము సరసముగా కుదిరినది. లంక సత్యము పార్వతీశముగా నటించినాడు. జి. వరలక్ష్మి తొలినాటి చిత్రములలో నిది యొకటి. అదే యేట హెచ్. ఎం. రెడ్డి "బొండాం పెళ్ళి" అను హాస్యచిత్రమును తీసినాడు. పౌరాణికముల నడుమ ఆ సంవత్సరము నవ్వులకు కొంత చోటు దొరికినదన్నమాట.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల మొదటిభాగము 1924లో వచ్చినది. మొగల్తూరునుండి బయలుదేరిన వేమూరి పార్వతీశము నరసాపురము, నిడదవోలు, మదరాసు, కొలంబో, మార్సెల్సుల మీదుగా లండను చేరి, పిదప ఎడింబరో పోవును. మదరాసు అంగడిలో అతడు దర్జాగా కొన్న టోపీ ఆడువారి టోపీ యగుట తెలుగు పాఠకులందరు ఎరిగినదే. ఈ హాస్యమునకు కుదురు ఎచ్చటనున్నది? టోపీలో లేదు. నవల అంతయు పార్వతీశము తానే చెప్పుచున్నాడు. తాను నవ్వులపాలగుచున్నట్లు ఆ క్షణమున అతనికి తెలియదు. తెలిసిన పిదప దాచుకొనడు. చెప్పు నోటికిని జరుగు పనికిని నడుమనున్న ఆ సన్నని యెడమే నవల యొక్క రసము. అంతేకాదు, పార్వతీశము యొక్క తెలుగు ఎన్నడును హాస్యాస్పదము కాదు. గోదావరి ప్రాంతపు చదువుకొన్న కుటుంబముల తీయని మాట అది. తడబడునది అతని ఇంగ్లీషు, అతని దుస్తులు, అతని మర్యాదలు. కావున పాఠకుడు అతని భాషలోపలనే నిలిచి, అతనితో కూడ ఇంగ్లండును చూచును.

తెరపై ఈ యెడమును నిలుపుట మహాకష్టము. కెమెరాకు "నేను" అను సర్వనామము లేదు. టోపీ పెట్టుకొన్న వానిని అది వెలుపలినుండి చూచును. చూచిన తక్షణమే వాడు బఫూను. నవలలో మనము పార్వతీశము కన్నులతో చూచి పిదప తెలిసికొందుము. తెరపై మనకు ముందే తెలియును, వానికే తెలియదు. నవ్వు పుట్టుచునే యుండును, కాని దాని దిశ మారును. ఈ లోపమును పూడ్చుటకు ఫార్మ్‌బీ పద్ధతియందలి పాటవంటి సాధనమే గతి: పాత్ర కథను ఆపి, సభవైపు తిరిగి, తన మాటను తాను చెప్పుకొనుట. మన తొలితరము దర్శకులకు పద్యనాటకమున ఆ సాధనము కరతలామలకమే. కాని పద్యమును హాస్యపాత్రకు ఇచ్చుటకు మన రంగస్థల సంప్రదాయము ఒప్పుకొనలేదు. పద్యము రాజుది, పాట ప్రేయసిది, హాస్యగానికి మిగిలినది వంకరమాట. 1940 తరువాత మన చిత్రములలో హాస్యము ప్రధానకథనుండి విడివడి ఒక ఉపకథగా స్థిరపడుటకు కారణములలో నిది యొకటి కావచ్చును.

సీమకు పోయివచ్చువానిని గూర్చిన హాస్యము మన భాషకే పరిమితము కాదు. ధీరేన్ గంగూలీ 1921లో కలకత్తాయందు "బిలాత్ ఫెరత్" అను మూకీచిత్రమును రచించి నటించినాడు. ఇంగ్లండునుండి తిరిగివచ్చినవాని వేషభాషలే అందలి హాస్యము. ఈ గంగూలీ అంతకుముందు హైదరాబాదున చిత్రకళోపాధ్యాయుడుగా నుండినవాడు. 1922లో మరల ఇచ్చటికి వచ్చి లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి, "లేడీ టీచర్", "మ్యారేజ్ టానిక్" మొదలగు చిన్న హాస్యచిత్రములను, మరికొన్ని పౌరాణికములను తీసినాడు. 1924లో తన ప్రదర్శనశాలలో "రజియా బేగం" చిత్రమును ఆడింపగా నిజాము ఆగ్రహించి రాజ్యమునుండి వెడలిపొమ్మని ఆజ్ఞాపించెను. హైదరాబాదు చిత్రనిర్మాణము మొగ్గలోనే ముగిసినది. అవి మూకీలు గనుక వానిలో యాసకు తావులేదు. కాని హైదరాబాదు నేలపై తొలుత మొలకెత్తిన చలనచిత్రములలో హాస్యచిత్రములుండుట మరువరానిది.

ఆ నేలపై మాట కలిగిన హాస్యచిత్రము తన కాళ్ళపై నిలుచుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది. 2005లో కుంట నిఖిల్ దర్శకత్వమున వచ్చిన "ది అంగ్రేజ్" తెలుగు చిత్రము కాదు, దక్కనీ చిత్రము. ఐనను తెలుగుశాఖ దీనిని పరాయిదిగా చూడరాదు. దక్కనీలో తెలుగు నుడికారము, తెలుగు సాగదీత ఎంతగా కలిసినవో హైదరాబాదు వీధిలో ఒక గంట నిలిచినవారికి తెలియును. అమెరికానుండి ఉద్యోగమునకై వచ్చిన ఇరువురు యువకులు ఒకవైపు. చార్మినారువద్ద చేరి ఊరక ప్రగల్భములు పలుకు ఇస్మాయిల్ భాయి, అతని అనుచరులు మరియొకవైపు. డబ్బుకై అపహరణము చేయజూచు ముఠా మూడవది. పేరున్న తారలు లేరు. పాతనగరపు వీధులు, టీకొట్లు ఇవే రంగములు. పార్వతీశము ఇచ్చటినుండి సీమకు పోయి తబ్బిబ్బైనాడు. ఇందు సీమవారే ఇచ్చటికి వచ్చి తబ్బిబ్బగుదురు. చార్మినారువద్ద జరిగిన చిన్న తగవుతో మొదలైన పగను తీర్చుకొనుటకై ఇస్మాయిల్ భాయి బృందము చిత్రమంతయు తిరుగును, ఏదియు సాధింపదు. ఆ సాధింపలేకపోవుటయే చిత్రము.

ఇందు యాస స్థానమేమి? చిత్రము పేరు సీమవానిది; కాని నగరము దానిని ఇస్మాయిల్ భాయి చిత్రముగనే స్వీకరించినది. విదేశమునుండి వచ్చిన నాయకుల సంభాషణలు ఎవ్వరికిని కంఠస్థము కాలేదు, సలీం ఫేకు కోతలు పిల్లల నోళ్ళకు ఎక్కినవి. "బూట్స్! బూట్స్!"లో జరిగినదే ఇచ్చటను జరిగినది. ఐనను ఒక కొరత కలదు. ఇస్మాయిల్ భాయికి పాటవంటి స్వగతము లేదు. అతడు తన బ్రతుకును గూర్చి సభవైపు తిరిగి ఒక్కమాట చెప్పడు. పాతనగరపు యువకుడు పనిలేక టీకొట్టువద్ద ఏల నిలిచినాడో చిత్రము అడుగదు. నవ్వు చల్లారిన పిదప చూచినచో, ఆ బృందము మరల సోమరులుగా, కోతలరాయుళ్ళుగానే మిగిలిపోవును. తరువాత ఈ త్రోవన వచ్చిన దక్కనీ చిత్రములు పెక్కు ఈ బాహ్యమును మాత్రమే అనుకరించినవి. మూలచిత్రము యొక్క విడిదిడియైన వీధివాసన వానికి అబ్బలేదు.

తెలుగుచిత్రములవైపు చూచినచో పరిస్థితి మరింత కఠినము. కోస్తా జిల్లాల శిష్టభాష నాయకునిదై, తెలంగాణపు మాట చాలకాలము దుష్టునికిని హాస్యగానికిని మాత్రమే దక్కినది. 1985లో టి. కృష్ణ తీసిన "ప్రతిఘటన"లో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావుగారు తెలంగాణ యాసలో చేసిన నటన నిస్సంశయముగా గొప్పది. నటునియందు దోషమెంచుట నా ఉద్దేశము కాదు. ఆ ఉచ్చారణను ఆయన పట్టుకొన్న తీరులో శ్రద్ధ యున్నది. కాని ఆ విజయము వెనువెంట ఆ యాస ఒక ముద్రగా మారినది. గౌతంఘోష్ "మా భూమి" 1980లో విడుదలై అదే మాటను రైతుపోరాటమునకు యోగ్యముగా నిలిపియుండగా, వ్యాపారచిత్రము ఆ పాఠమును నేర్వలేదు. తన తల్లి మాట తెరపై వినబడినప్పుడెల్ల నవ్వు సిద్ధముగా నుండుట ఒక విద్యార్థికి ఎట్లుండునో తరగతిగదిలో బోధించు వారందరు ఎరుగుదురు. తెలంగాణ పల్లెలనుండి వచ్చిన పిల్లలు సెమినారులో లేచి మాటలాడుటకు ముందు ఒక క్షణము ఆగుదురు. ఆ క్షణమున వారు తమ వాక్యమును మరియొక తెలుగులోనికి మార్చుకొందురు.

శంషాబాదును ఇచ్చట తలపకుండుట సాధ్యము కాదు. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానాశ్రయము శంషాబాదునకు మారినది. ఐదువేల ఎకరములకు మించిన భూమిపై అది విస్తరించినది. అంతకు చాలకాలము ముందునుండియు, తరువాతను చిత్రబృందములకు ఈ ప్రాంతము చిరపరిచితము. నర్కూడ గ్రామ పరిధిలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయపు ఎత్తైన గోపురమును, కోనేటిని, మండపములను చూడని తెలుగుప్రేక్షకుడు అరుదు. ఐనను చూచినది అమ్మపల్లియని ఎరిగినవారు అంతకంటె అరుదు. పెక్కుచిత్రములలో అది పేరులేని ఏదో పల్లె. గోపురము అవసరమైనది, కోనేరు అవసరమైనది. ఆ కోనేటి మెట్లపై కూర్చుండువారి మాట అవసరము కాలేదు. కథలోని పల్లెకు ఆ మాట పొసగదని కాబోలు. ఒక ప్రాంతము తన రూపమును ఇచ్చి తన స్వరమును ఇంటిలోనే విడిచిపెట్టవలసివచ్చుట చలనచిత్రమున మాత్రమే సాధ్యమగు విచిత్రము. నాటకమున ఇట్లు జరుగదు.

విమానాశ్రయమున కథ వేరు. ఎడింబరోకు, డల్లాసుకు చదువులకై పోవు పిల్లవానిని సాగనంపుటకు ఇంటిల్లిపాది వచ్చి, బయటి ద్వారమువద్ద నిలుతురు. పెట్టెలను తూకము వేసి, బరువెక్కువైన మామిడికాయ పచ్చడి సీసాను తీసి మరల దేనిలో దూర్చవలెనో తర్జనభర్జన చేయుదురు. ఒకనాడు అచ్చట ఒక ముసలమ్మ "బిడ్డా, ఆడ సలి గట్టిగుంటదట, చెవులకు గుడ్డ కట్టుకో" అని మనుమనికి చెప్పుట విన్నాను. మనుమడు ఇంగ్లీషులో "ఓకే" అన్నాడు. పార్వతీశము ఇందు ఎవ్వరు? నూరేండ్ల క్రిందట పోవువాడే హాస్యమునకు ఆలంబనము. నేడు పోవువాడు అన్ని మర్యాదలు ముందే తెలిసికొని పోవుచున్నాడు. ఇక నవ్వునకు మిగిలినవారు సాగనంపవచ్చినవారు మాత్రమే. మన చిత్రములలోని విమానాశ్రయ ఘట్టములు చాలభాగము ఆ ముసలమ్మమీదనే నవ్వు పుట్టించును. ఆ దృశ్యమును ఆమె చెప్పునట్లు తీసినవారు కలరా యని చూచుటకు నేను కొంత కాలము వెచ్చించినాను.

కొంతవరకు కలరనియే చెప్పవలెను. శేఖర్ కమ్ముల "ఫిదా" (2017)లో బాన్సువాడ పిల్ల భానుమతి తన యాసతోనే కథానాయిక. అమెరికాకు పోవుట కథలో ఉన్నను, ఆమె మాట ఎచ్చటను దిద్దుబాటుకు లోబడదు, దిద్దుకొనవలసినవాడు నాయకుడు. హాస్యమునకు ఆమె కర్త, కర్మ కాదు. ఆ పాత్రను ధరించి తానే డబ్బింగు చెప్పిన సాయిపల్లవి తెలంగాణ పిల్ల కాకపోవుట ఒక ఆసక్తికరమైన విశేషము. యాస పుట్టుకవలన మాత్రమే రాదు, శ్రద్ధవలన కూడ వచ్చును. అంతకు ఒక యేడు ముందు తరుణ్ భాస్కర్ "పెళ్ళి చూపులు"లో నాయకుని మిత్రుడు తెలంగాణ యాసలో మాటలాడి నవ్వించును. అది తక్కువ పెట్టుబడి చిత్రము. అందు హాస్యపాత్ర హాస్యపాత్రగనే యున్నది, కాని నవ్వు అతని చేతిలోనున్నది. ఇవి రెండును 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాతివే. రాజకీయమునకును యాసకును సంబంధము లేదనువారు ఈ తేదీలను ఒకమారు వరుసగా వ్రాసి చూచుకొందురు గాక.

అన్నింటికంటె విచారింపదగినది వేణు యెల్దండి "బలగం" (2023). దర్శకుడు హాస్యనటుడుగా జీవించినవాడు. కథ సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో ఒక వృద్ధుని మరణముతో మొదలిడి, పదునొకండవ దినమువరకు సాగును. ముప్పాతికపాలు హాస్యమే: మూలుగబొక్కకై తగవు, పిట్ట ముట్టకపోవుటకై కలవరము. చివరకు బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి పాడుదురు. వారు నటులు కారు. ఊరూర తిరిగి చావింటికడ పాడు వృత్తిగాయకులు. వారి పాటతో అంతవరకు నవ్విన సభ ఏడ్చును. ఇది "సే ఇట్ విత్ ఫ్లవర్స్"లో బాక్స్‌టర్ చేసినదానికి ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. అందు పేదవారి కచేరీకి వృద్ధగాయకులే స్వయముగా వచ్చిరి. ఇందు చావింటికి జంగాలే స్వయముగా వచ్చిరి. రెండింటను చౌక చిత్రము తనకు లేని సంపదకు మారుగా ఒక వృత్తికళను ఉన్నది ఉన్నట్లు నిలిపినది. భేదమును కలదు. బాక్స్‌టర్ చిత్రమున పాట పాతస్మృతి. మ్యూజిక్ హాలు అప్పటికే క్షీణించుచున్నది, ప్రేక్షకుడు గడచిన యౌవనమును తలచుకొని ఆనందించును. "బలగం"లో పాట స్మృతి కాదు, కర్మకాండలో భాగము. అది లేక కథ ముగియదు. ఈ కారణముచే "బలగం" నిర్మాణము మెరుగైనదని నా తీర్పు. 2024 డిసెంబరులో మొగిలయ్య మరణించినాడు. ఆయన కంఠము చిత్రమున నిలిచినది, కాని ఆయన పాడిన కథాభాగములు ఎన్ని గ్రంథస్థమైనవో మన జానపద విభాగములు తమను తాము ప్రశ్నించుకొనవలెను.

ఒక ఆక్షేపణను ఇచ్చట ఎదుర్కొనక తప్పదు. యాస నాయకునికి దక్కుట నిజమైన గౌరవమా, లేక సరకునకు క్రొత్త రంగా? ఫార్మ్‌బీ చరిత్ర ఈ విషయమున హెచ్చరికగా నున్నది. "బూట్స్! బూట్స్!" తరువాత "ఆఫ్ ది డోల్" (1935) కూడ బ్లేక్లీ సంస్థకే చేసి, ఆ వెనుక బాసిల్ డీన్ పిలువగా పెద్ద స్టూడియోకు పోయినాడు. "నో లిమిట్" (1935) మొదలు అతని చిత్రములలో వెలుగు బాగుపడినది, ధ్వని బాగుపడినది, మోటారు పందెములు వచ్చినవి. ఆ దశకము ముగియులోపల అతడు ఇంగ్లండులో అగ్రశ్రేణి తార. యాస నిలిచినది, బాంజో నిలిచినది. కాని బూట్లు తుడుచు పని పోయినది! జాన్ విల్లీ ఎవరి క్రింద పనిచేయుచున్నాడో మనకు ప్రతిక్షణము కనబడుచుండెడిది. తరువాతి ఫార్మ్‌బీ అదృష్టము కలిసివచ్చిన అమాయకుడు మాత్రమే. యాసకు దాని పని తోడుగా లేనిచో అది ఒక అలంకారముగా తేలిపోవును. నేటి తెలుగుచిత్రములలో తెలంగాణ యాస కొన్నియెడల అప్పుడే ఈ దశకు చేరుచున్నది. నాయకుడు "గిట్ల, గట్ల" యనును. కాని అతడు ఏ ఊరివాడో, ఏమి చేసి బ్రతుకుచున్నాడో ఆ మాటలో వినబడదు. వరంగల్ మాటకును మహబూబునగరము మాటకును భేదము లేదు. శంషాబాదు పల్లెలలో తెలుగు, దక్కనీ, లంబాడీ మూడును ఒకే అంగడిలో కలియు తీరు అసలే లేదు. "బలగం" ఈ దోషమునుండి తప్పించుకొనుటకు కారణము అందలివారికి పొలము కలదు, కోళ్ళు కలవు, అప్పు కలదు, పగ కలదు. మాట వానినుండి పుట్టును.

పరిశోధకుడు చేయదగిన పని పెక్కు కలదు. చలనచిత్ర సంభాషణలను యాసదృష్టితో యథాతథముగా వ్రాసికొని, పాత్రల వృత్తిని, సామాజికస్థానమును జతచేసి పరిశీలించినచో, 1940నుండి నేటివరకు నవ్వు ఎవరినుండి ఎవరివైపునకు పోయినదో ఒక పటమువలె గీయవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తిపదకోశమునకై పల్లెపల్లెకు మనుష్యులను పంపి చేసిన కృషి ఇందుకు మార్గదర్శకము; సేద్యము, చేనేత మాటలకు చూపిన శ్రద్ధను హాస్యగాని మాటకు చూపకూడదని ఎవ్వరును శాసింపలేదు. అమ్మపల్లి కోనేటి ఒడ్డున చిత్రీకరణ జరుగుచుండగా చుట్టుచేరి చూచిన ఊరివారిని అడిగినను కొంత విషయము దొరకును. వారు ఏండ్లతరబడి నటుల ఉచ్చారణను విని, దానికి తమ తీర్పులు తాము ఇచ్చుకొన్నవారు. ఈ పనికి "ది అంగ్రేజ్"ను మొదట తీసికొనవచ్చును. అందలి మాటను వ్రాయుటకు కూర్చున్న విద్యార్థికి మొదటి దినముననే ఒక చిక్కు ఎదురగును: ఇస్మాయిల్ భాయి వాక్యమును ఉర్దూ లిపిలో వ్రాసినచో సాగదీత పోవును, నాగరిలో వ్రాసినచో హిందీయగును, తెలుగులిపిలో వ్రాసినచో మాత్రము అచ్చముగా వినబడును.